రహస్య సాక్షికి మూడు పిలుపులు

పరుగు!

బందరు ఇనగుదురుపేట సందుల్లో పడి కాలేషా పరుగెడుతున్నాడు. మిట్టమధ్యాహ్నం. వెనకాలే సత్తిబాబు. వాడి లుంగీ మడతలో నాటు పిస్టల్!

"ఆగరా డ్రైవరూ! ఆగకపోతే కాల్చేస్తా!"

ఎవడాగుతాడు?

తప్పంతా ఆ బంట్రోతు రత్తయ్యది. ఉప్పెన సాయం బియ్యం ఎటుపోయాయో తేల్చమని గవర్నమెంటు ఓ రిటైర్డ్ జడ్జిని వేసింది. బందరు ట్రావెలర్స్ బంగళాలో విచారణ. లారీ డ్రైవర్ కాలేషా చెప్పేది మాత్రం తలుపులు మూసి వింటామన్నారు. ప్రాణానికి రక్షణట! దొడ్డిదారిన తెచ్చి వెనక గదిలో దాచారు. తీరా టైముకి రత్తయ్య, ముప్ఫై ఏళ్ల కోర్టు అలవాటు కొద్దీ, వరండాలోకెళ్లి గొంతు చించుకున్నాడు.

"షేక్ కాలేషా! షేక్ కాలేషా! షేక్ కాలేషా!"

వరండాలో ఉన్నదెవరు? రైసు మిల్లు ఓనర్ భుజంగరావు! పక్కనే అతని మనిషి సత్తిబాబు!

కాపలా కానిస్టేబులు టీకి వెళ్లాడు. కాలేషా కిటికీ దూకాడు.

సందు చివర బస్టాండు. గుడివాడ బస్సు కదులుతోంది. ఎక్కితే బతికిపోతాడు!

ఫుట్‌బోర్డు మీద కాలు పెట్టాడు... ఆగిపోయాడు.

గుడివాడలో దిగి? భుజంగరావు మిల్లు ఉన్నదే అక్కడ!

కాలేషాకి ఒళ్లు మండిపోయింది. ఎన్నాళ్లు పరుగెత్తాలి? బస్సు వెనక నుంచి చుట్టు తిరిగి... మళ్లీ బంగళా వైపే పరుగు! తిన్నగా జడ్జి ముందుకే!

"అయ్యా! తలుపులు తీయించండి! అందరి ముందే చెప్తాను!"

జడ్జి తెల్లబోయాడు. "నీ క్షేమం కోసమేనయ్యా ఈ రహస్యం."

"నా పేరు బజార్న పెట్టేశారు కదండీ! ఇంక నా మాటొక్కటే గదిలో ఎందుకండీ?"

వరండాలోంచి భుజంగరావు తలుపు తోసుకుని దూసుకొచ్చాడు. "రూల్స్ ఒప్పుకోవండీ! నా పరువేం కావాలి?"

జడ్జి బంట్రోతు వైపు తిరిగాడు. "రత్తయ్యా, తలుపులు తియ్యి."

బయట కాచుకున్న దివిసీమ ఉప్పెన బాధితులు బిలబిలమంటూ లోపలికొచ్చారు. వాళ్లతోపాటే... రొప్పుతూ సత్తిబాబు! చెయ్యి లుంగీ మడతలో ఉంది. భుజంగరావు కళ్లతోనే సైగ చేశాడు.

కాలేషా ఆ చెయ్యి చూశాడు. చావు భయం. అయినా చెబుతున్నాడు.

"ఉప్పెన వెళ్లిన నాలుగో రోజండీ. బియ్యం లారీ కోడూరు శిబిరానికి తీసుకెళ్లాలి. భుజంగరావుగారు దారిలో ఆపి, గుడివాడ మిల్లుకి తిప్పించారు. అక్కడ దింపింది నేనేనండీ. నాదీ తప్పే!"

"అబద్ధం! రోడ్డు కొట్టుకుపోయింది!"

"రోడ్డుందండీ! మర్నాడు అదే లారీతో కోడూరు వెళ్లాను... శవాలు మోయడానికి!"



"కోడూరా?"

ఆ గొంతు సత్తిబాబుది!

"మాయమ్మ తుమ్మచెట్టు పట్టుకుని ఉప్పెన గట్టెక్కింది. ఆ శిబిరంలోనే మెతుకు లేక ప్రాణం వదిలింది. రోడ్డు లేదు, బియ్యం రావు అన్నారు కదండీ... బాబుగారూ?"

భుజంగరావు ముఖం పాలిపోయింది. "వాడి మాటలేంట్రా! కాల్చరా!"

పిస్టల్ బయటికొచ్చింది!

కాలేషా కళ్లు గట్టిగా మూసుకున్నాడు. యా అల్లా...

ఢాం!

నొప్పి లేదు. మెల్లగా కళ్లు తెరిచాడు.

నేల మీద పడి ఉన్నది భుజంగరావు!