కలిసిపోయిన థైమ్ కట్టలు

పొద్దున్నే మాడిన పాల వాసన ఇల్లంతా కమ్ముకుంది. స్నానాల గదిలో పాపకు తల రుద్దుతున్న కోడలు, నురగ తలతో ఉన్న పిల్లను అలాగే చంకనేసుకుని వంటింట్లోకి పరుగెత్తింది. గిన్నె అడుగు నల్లగా మాడిపోయింది. పొంగిన పాలు స్టవ్ మీద కారి అట్టకట్టాయి. స్టవ్ ఆర్పి, కిటికీ తోసి, పెరటివైపు చూసింది.

తలుపు బార్లా తీసే ఉంది. గుమ్మం మెట్టు మీద అత్తగారు తాపీగా కూర్చుని, కోసుకొచ్చిన థైమ్ అనే వంట ఆకు కొమ్మల్ని కట్టలు కడుతోంది.

"అత్తయ్యా, పాలు!"

"పొంగాయా?"

"పొంగడమా! బొగ్గయిపోయాయి. ఇంత పక్కన కూర్చున్నారు, వాసన రాలేదా మీకు?"

అత్తగారి చేతిలో దారం ఒక్క క్షణం ఆగింది. "ఒళ్ళో ఇంత థైమ్ పెట్టుకుని కూర్చుంటే ఇంకో వాసన ఎలా వస్తుంది? ముందు ఆ బుడంకాయ తల కడుగు, కళ్ళల్లో నురగ పడుతుంది."

రెండేళ్ళ బుడంకాయ మాత్రం నురగను చేత్తో తీసి నాన్నమ్మ ముక్కుకి రాసి కిలకిలా నవ్వింది. కోడలికి నవ్వు రాలేదు. సోమవారం నుంచి ఆమె గౌన్లు కుట్టే దుకాణంలో పనికి చేరాలి. ఎనిమిదో తరగతిలో చదువు ఆగిపోయాక ఆమె చేతికి పట్టుబడిన విద్య కుట్టు ఒక్కటే. పాప పుట్టాక అదీ అటకెక్కింది. ఇన్నాళ్ళకు దుకాణం యజమానురాలు తానే కబురు పెట్టింది. పగలంతా పాపను నాన్నమ్మ చూసుకునేలా మాటయింది. కానీ పాప తుమ్మితే తనకు జ్వరం వచ్చే రకం కోడలు. అందుకే మాడిన గిన్నె తోముతున్నంతసేపూ ఆమె మనసు పీకుతూనే ఉంది.

పెరటి గోడ పొడుగునా ఉన్న ఆ థైమ్ మడి అత్తగారి రాజ్యం. గులకరాళ్ళు కలిపిన మట్టిలో, నిండా ఎండ తగిలే చోట, జానెడెత్తు కూడా లేని గుబురు మొక్కలు. కాడలు పుల్లల్లా గట్టివి, ఆకులు బియ్యపు గింజంత. పిల్లకు దగ్గొస్తే ఆవిరి నీళ్ళలో నాలుగు రెమ్మలు పడతాయి. సూప్‌లో పడతాయి, రొట్టెల పిండిలో పడతాయి. మిగిలినవి కట్టలై వీధి చివరి హోటల్‌కి వెళ్తాయి. మడిలో రెండు రకాలున్నాయి. ఒకటి మామూలు థైమ్, నలిపితే వాము లాంటి ఘాటు. రెండోది నిమ్మ వాసనది. చూడ్డానికి రెండూ కవలపిల్లలే. ఏళ్ళ తరబడి ఒకదాంట్లోకి ఒకటి పాకి అల్లుకుపోయాయి. వాటిని వేరుచేయగలిగింది అత్తగారొక్కతే. రెమ్మను రెండు వేళ్ళ మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని, ఇది ఈ కుప్పలోకి, అది ఆ కుప్పలోకి అని చకచకా విసిరేసేది.

పది దాటాక హోటల్ వంటమాస్టరు స్కూటర్ ఆపి, పొట్టతో పాటు ఒక కట్టనూ ముందుకు మోసుకుంటూ లోపలికొచ్చాడు.

"పెద్దమ్మా, నా మీద ఏమైనా కోపముందా మీకు?"

"నీ మీద కోపమెందుకు నాయనా, కూర్చో."

"మరి నిన్న నా పరువు ఎందుకు తీశారు? మటన్ స్ట్యూలో మీ థైమే వేశాను. తిన్నాయన పళ్ళెం వెనక్కి పంపి, ఇది మాంసమా, నిమ్మకాయ షర్బత్తా అన్నాడు! తీసి చూస్తే ఒకే కట్టలో రెండూ ఉన్నాయి. పోయినసారి చేపకి పంపిన దాంట్లోనూ అంతే. అప్పుడు పొరపాటులే అని ఊరుకున్నా."

"ఎండలు మారాయి కదా, మొక్క గుణం కూడా మారుతుంది" అంది అత్తగారు, కొంగు సర్దుకుంటూ.

"మొక్కని అనకండి పెద్దమ్మా, పాపం నోరులేనిది. మీరు ఓసారి కళ్ళజోడు మార్పించుకోండి" అని నవ్వి, కట్ట అక్కడే పెట్టి వెళ్ళాడు.

కళ్ళజోడు అన్న మాట దగ్గర కోడలు ఆగిపోయింది. అత్తయ్య ఏనాడైనా కళ్ళతో వేరుచేసిందా వాటిని?

ఒకటొకటీ గుర్తొచ్చాయి. చలికాలంలో అత్తయ్యకు గట్టి జలుబు చేసి మంచమెక్కింది. ఆ తర్వాత నుంచే సూప్‌లో థైమ్ చేదెక్కేంతగా పడుతోంది. మొన్న బుడంకాయ లంగోటీ పాడు చేసుకుంటే, అత్తయ్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని అరగంట కథ చెప్పింది, కదల్లేదు. ఇప్పుడు ఈ పాలు.

ఆమె పెరట్లోకి వెళ్ళి మడిలోంచి ఒక రెమ్మ తుంచి నలిపింది. వాము ఘాటు గుప్పుమంది. నేరుగా తెచ్చి అత్తగారి ముక్కు కింద పెట్టింది.

"ఇది ఏ రకం అత్తయ్యా?"

"ఇప్పుడు నాకు పరీక్షలు పెడుతున్నావా?"

"చెప్పండి."

అత్తగారు వాసన పీల్చింది. కోడలి మొహం వంక చూసింది. మళ్ళీ పీల్చింది. "నిమ్మది" అంది గట్టిగా.

కోడలు చెయ్యి దించింది.

"ఎన్నాళ్ళ నుంచి అత్తయ్యా?"

అత్తగారు కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"మీకు వాసన తెలియదు. మాడినా తెలియదు. స్టవ్ ఆరిపోయి గ్యాస్ కారినా తెలియదు! అలాంటిది పాపని నా దగ్గర వదిలెయ్, నేను చూసుకుంటా అని నెల నుంచి చెబుతున్నారు. ఒక్క మాట చెప్పాలనిపించలేదా మీకు?"

"చెబితే పాపని వదిలేదానివా?"

"వదలను! చచ్చినా వదలను!"

"అందుకే చెప్పలేదు."

"అంటే దానికి ఏమైనా ఫర్వాలేదా?"

ఆ మాట నోట్లోంచి వచ్చాక గానీ ఎంత పదునుగా ఉందో కోడలికి తెలియలేదు. అత్తగారి మొహం పాలిపోయింది. కోడలు పాపను ఎత్తుకుని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఫోన్ తీసింది. దుకాణానికి చేసి రాలేనని చెప్పేయాలి. పేరు కనబడుతోంది, వేలు నొక్కడం లేదు. కళ్ళు మసకబారాయి. బుడంకాయ తలుపు దగ్గరకు నడిచి, "నాన్నమ్మా" అని చేత్తో కొట్టింది. కోడలు తీయలేదు. పాప మళ్ళీ కొట్టింది.

తలుపు అవతల కిందకు కూలబడిన చప్పుడు.

"అమ్మాయ్, తలుపు తీయొద్దులే. విను చాలు." అత్తగారి గొంతు నేల దగ్గర నుంచి వస్తోంది. "ఆ జలుబు తగ్గాక ముక్కు తెరుచుకుంది గానీ వాసనలు తిరిగి రాలేదు. రేపొస్తాయి, ఎల్లుండొస్తాయి అనుకున్నా. అన్నిటికంటే ఘాటైంది థైమే కదా, వస్తే ముందు అదే రావాలని రోజూ తెల్లారగానే వెళ్ళి నలిపి చూస్తున్నా. మెట్టు పక్క మొక్కలు బోసిపోయింది అందుకే. మీ ఆయనేమో చీడ పట్టిందని మందు తెస్తానన్నాడు. సరే తెమ్మన్నా. ఏం చెప్పను వాడికి?"

కోడలు ఫోన్ పక్కన పెట్టింది.

"కూర రుచి పోతే పోయింది. హోటల్ వాడు వద్దంటే మానేస్తాడు. దాని గురించి కాదు నా ఏడుపు. దీన్ని ఎత్తుకుంటే వాసన ఉండేది. స్నానం చేయించాక ఒకటి, నిద్ర లేచాక ఒకటి. నువ్వు ఎప్పుడూ వాసన చూస్తావు కదా దాని తల, చూసి ఏదో అనుకుంటావు. నేనూ చూస్తాను. ఏమీ లేదు. చెక్కబొమ్మని ఎత్తుకున్నట్టుంది, అమ్మాయ్. ఎవరికి చెప్పుకోను ఈ మాట? చెబితే నువ్వు ఎత్తుకోనివ్వవేమోనని భయం."

ఈ ఇంట్లో పిరికిది తానొక్కతేననుకుంది కోడలు ఇన్నాళ్ళూ. అందరూ నవ్వేవాళ్ళు కూడా. తనకంటే పెద్ద భయాన్ని పెట్టుకుని, రోజూ నవ్వుతూ కట్టలు కడుతూ ఇంకో మనిషి ఇక్కడే ఉంది.

తలుపు తీసింది. బుడంకాయ ఒక్క గెంతులో వెళ్ళి నాన్నమ్మ మెడ పట్టుకుంది. కోడలు వాళ్ళ పక్కనే గడపలో కూర్చుంది.

"ఆ మాట అనకూడదు నేను. తప్పయింది."

"అనాల్సిందే. గ్యాస్ సంగతి నిజమే కదా. పాలు మాడాయని నువ్వొచ్చి చెప్పేదాకా నాకే తెలియదు. నా గుండె కూడా ఆగింది."

"మరి నన్నెందుకు దబాయించారు?"

"అత్తగారిని కదా, ఆ మాత్రం చేయకపోతే ఎలా?"

ఇద్దరికీ ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. బుడంకాయ ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసి, తానూ ఏడవాలో నవ్వాలో తేల్చుకోలేక, కోడలి ముక్కు పిండింది.

సాయంత్రం బస్సు దిగి ఇంటికొచ్చిన కొడుకు, డ్రైవరు చొక్కా విప్పకుండానే అంతా విన్నాడు. "చీడమందు కొనుక్కొచ్చాను కదే!" అన్నాడు, సీసా పట్టుకుని. ఆ తర్వాత సీసా కింద పెట్టి తల్లి పక్కన కూర్చున్నాడు. మర్నాడే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళాడు. కొందరికి మెల్లగా తిరిగి వస్తుందనీ, ఎప్పుడొస్తుందో చెప్పలేననీ, రోజూ ఘాటైనవి వాసన చూడటం మానొద్దనీ డాక్టరు చెప్పాడు.

వాదన మాత్రం ఆదివారం దాకా నడిచింది. పగలు స్టవ్ ముట్టనని ఒప్పుకోవడం అత్తగారికి కష్టమైంది. "నా వంటింట్లో నేను చుట్టాన్నా?" అంది. వంట పొద్దున్నే ఇద్దరూ కలిసి చేసేట్టు, కోడలు బయలుదేరే ముందు గ్యాస్ కట్టేసేట్టు, పాపకు పాలు ఫ్లాస్కులో పెట్టేట్టు తేలింది. థైమ్ రెమ్మలు కోడలు వాసన చూసి చెబుతుంది, అత్తగారు కట్టలు కడుతుంది. మొదటిరోజు కోడలు పది రెమ్మలకే తుమ్ములు తుమ్మి, "ఇదేం ఉద్యోగమత్తయ్యా" అంది. "దుకాణంలో కుట్టు తేలికనిపిస్తుందిలే" అంది అత్తగారు.

సోమవారం పొద్దున కోడలు గ్యాస్ కట్టేసింది. ఫ్లాస్కు మూత చూసింది. పెరటి తలుపు గొళ్ళెం చూసింది. మళ్ళీ ఫ్లాస్కు మూత చూసింది. అత్తగారు గుమ్మంలో నిలబడింది, చేతులు చాపి.

పాప ఇంకా నిద్రమత్తులోనే తల్లి భుజం మీద వాలి ఉంది. కోడలు ఆ తల మీద ముక్కు ఆనించి గట్టిగా పీల్చింది. రోజూ అయితే అక్కడితో ఆగిపోయేది.

"కొంచెం పాల వాసన" అంది నెమ్మదిగా. "చెవి వెనక చెమట, పుల్లగా. దిండు గలీబు వాసన. నిన్న సాయంత్రం ఎండలో ఆడింది కదా, జుట్టులో అదింకా పోలేదు. ఆరేసిన బట్టల్లా ఉంది."

అత్తగారు కళ్ళు మూసుకుని పాపను అందుకుంది. అదే చోట, ఆ తల మీద, ముక్కు ఆనించింది.

"ఆఁ" అంది. "అవును. అలాగే ఉండేది." కళ్ళు తెరవకుండానే చేత్తో కోడల్ని వీధి వైపు తోసింది. "ఇక వెళ్ళు అమ్మాయ్. మొదటిరోజే ఆలస్యంగా వెళ్తావా ఏంటి?"