పెళ్లిచూపుల మధ్యలో పోయిన నెట్

మధులత మొదటి మాటే శశిభూషణ్‌కి నచ్చలేదు.

"ఆ సపోర్టు ఉందో లేదో చూశారా అండి?" అని అడిగింది.

రాజమండ్రిలో కంప్యూటర్లు బాగుచేసే శశిభూషణ్, జగన్నాథరావు గారి లేసు కంపెనీ పని మీద నరసాపురం వచ్చాడు. లేసు డిజైన్లను పెద్ద కాగితాల మీద గీసే యంత్రం ఒకటి అక్కడుంది. కంప్యూటర్లో ఉండి దాన్ని నడిపే కార్డు పాత విండోస్‌తో తప్ప పనిచెయ్యదు. ఆ విండోస్ ఉన్న కంప్యూటర్ కాస్తా చచ్చిపోయింది. విదేశీ ఆర్డరు ఆగిపోయింది. కొత్త కంప్యూటర్లోనే, కంప్యూటర్ లోపల ఇంకో కంప్యూటర్ లాంటి వర్చువల్ మెషీన్ పెట్టి, అందులో పాత విండోస్ నడిపి, కార్డును నేరుగా దానికి అప్పగిస్తానని శశిభూషణ్ మాటిచ్చాడు. అలా అప్పగించడానికి కంప్యూటర్ హార్డ్‌వేర్ ఒప్పుకోవాలి. మధులత అడిగింది అదే. ఆమె జగన్నాథరావు గారమ్మాయి. డిజైన్లన్నీ ఆమెవే.

"కొత్త కంప్యూటర్ కదండీ, ఉంటుంది," అన్నాడు చూడకుండానే.

వర్చువల్ మెషీన్‌కి కార్డు కనిపించలేదు. శశిభూషణ్ మొదటిరోజు కరెంటును తిట్టాడు, మర్నాడు సముద్రపు గాలిలో ఉప్పును తిట్టాడు. జగన్నాథరావు గారికి ఉప్పు సంగతి నచ్చింది గానీ, ఆయనకు వాస్తు మీద గురి ఎక్కువ. మూడోరోజు సిద్ధాంతిగారు వచ్చి కంప్యూటర్ని ఈశాన్యానికి తిప్పించి, నిమ్మకాయ కట్టించి, ఇక తిరుగులేదన్నారు. కార్డు కనిపించలేదు గానీ, మేనేజరు వీరాస్వామికి మాత్రం స్పీడు పెరిగినట్టు అనిపించిందట.

మధులత కాఫీ తెచ్చి, నిమ్మకాయ వైపోసారి, అతని వైపోసారి చూసింది. అదే శశిభూషణ్ భరించలేకపోయాడు.

"చూళ్లేదండి," అన్నాడు.

"ఏంటి?"

"సపోర్టు. ఉంటుందిలే అనుకున్నాను."

నవ్వుతుందేమోనని భయపడ్డాడు. ఆమె కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "అయితే ఇప్పుడు చూద్దాం."

ప్రాసెసర్‌కి ఆ సౌకర్యం ఉంది. మదర్‌బోర్డుకీ ఉంది. కంప్యూటర్ లేచేటప్పుడే తెరవగలిగే బయోస్ సెట్టింగుల్లో ఆఫ్ చేసి ఉందంతే. ఆన్ చేశారు. అప్పుడు ఇంకో చిక్కు బయటపడింది. యంత్రం కార్డూ, నెట్ వచ్చే కార్డూ ఒకే గ్రూపులో ఉన్నాయి. ఒకదాన్ని వర్చువల్ మెషీన్‌కి ఇస్తే రెండోదాన్నీ వదులుకోవాలి. అంటే కంప్యూటర్‌కి నెట్ పోతుంది. కార్డును వేరే స్లాటులోకి మార్చి చూడొచ్చు, కానీ అందుకు కంప్యూటర్ ఆపాలి.

ఆపడానికి వీల్లేకపోయింది. జగన్నాథరావు గారు పట్టుపంచెతో దిగారు. ఆ పూట మధులతకు వీడియో కాల్‌లో పెళ్లిచూపులు. అంత పెద్ద స్క్రీను ఇంట్లో లేదని ఆఫీసులో ఈ కంప్యూటర్ మీదే పెట్టారు. కాల్ మధ్యలో ఆగకుండా చూసే బాధ్యత శశిభూషణ్‌కే అప్పగించారు. కీబోర్డు ఒళ్లో పెట్టుకుని, ఆమె పెళ్లి సాఫీగా కుదరడానికి కాపలా కూర్చున్నాడు.

భీమవరం పెళ్లికొడుకు స్క్రీను నిండా కనిపించాడు. తన జీతం, కారు, జిమ్ము గురించి చెప్పాడు. ఆమె డిజైన్లు చూపించబోతే నవ్వాడు. "పెళ్లయ్యాక ఈ లేసులూ గీసులూ మానేయొచ్చు లెండి."

మధులత శశిభూషణ్ వైపు వంగింది. "ఆ కార్డు ఇప్పుడే ఇచ్చేయండి."

"నెట్ పోతుందండి," అన్నాడతను గుసగుసగా.

"తెలుసండి."

ఇచ్చేశాడు. పెళ్లికొడుకు నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఆగిపోయాడు. పక్కగదిలో యంత్రం గుర్రుమని లేచింది.

"ఏమైందండీ?" అన్నారు జగన్నాథరావు గారు.

కరెంటు మీదో, గాలి మీదో తోసెయ్యవచ్చు. శశిభూషణ్ నిలబడ్డాడు. "నేనే తీసేశానండి."

"నేనే తీసేయమన్నాను నాన్నగారూ," అంది మధులత. "నా పని మానేయమన్నాడాయన. ఈయన చూడండి, ఆ పని కోసమే ఇన్నాళ్లూ ఇక్కడ పడి ఉన్నారు."

"పని కోసమే కాదండి," అన్నాడు శశిభూషణ్.

అనేశాక అతని చెవులు ఎర్రబడ్డాయి. మధులత తల దించుకుంది గానీ, నవ్వు దాచుకోలేకపోయింది. జగన్నాథరావు గారు ఇద్దర్నీ చూసి, స్క్రీను మీద తెరుచుకున్న నోటిని కాసేపు చూసి, లేచి పక్కగదిలోకి వెళ్లారు. ఆగిపోయిన ఆర్డరు కోసం కూతురు డిజైన్ చేసిన నెమలి, కాగితం మీద ఒక్కో ఈకా పరుచుకుంటోంది. అది పూర్తయ్యేదాకా ఆయన కదల్లేదు. బయటికొచ్చి, శశిభూషణ్‌ని భోజనానికి ఉండమన్నారు.

భోజనం దగ్గర ఆయన చాలాసేపు గోదావరి వరద గురించి, రైళ్ల గురించి మాట్లాడారు. చివరికి విస్తరి వైపే చూస్తూ అడిగారు.

"ఇంతకీ మీ ఇంటిపేరు ఏంటన్నారు?"

పెరుగు గిన్నెతో వస్తున్న మధులత, జవాబు వినడానికి గుమ్మంలోనే ఆగిపోయింది.