ఉప్పు మడుల మీద నిలిచిన మబ్బు

తొమ్మిదో మబ్బు కిందికి దిగి మూటగది కిటికీకి చెంప ఆనించింది. కూర్మారావు దాని మెడలోని పాత మూటనూ, మూలస్థానం నుంచి పొద్దున వచ్చిన కొత్త మూటనూ పక్కపక్కన పెట్టి సరిపోలిక మొదలుపెట్టాడు.

మూటలో ఉండేది అల్లిక పనిముట్టు. జనం నోటిమాటను మబ్బుకు తెలిసే ఆజ్ఞగా అల్లుతుంది. ఎక్కడెక్కడివాళ్లో జీతం లేకుండా రాసి అందరికీ తెరిచి ఉంచిన రాత అది. ఎవరైనా చదవొచ్చు, మార్చుకోవచ్చు. మూటగదివాళ్లు మాత్రం విప్పితే తప్పు, తప్పితే ముప్పు. నెలకోసారి పాతది చెరిపి కొత్తది పరచడమే కొలువు. మార్పు కావాలంటే మూలస్థానానికి అర్జీ.

అంతకుముందు ఎనిమిది మబ్బులూ అచ్చుగుద్దినట్టు సరిపోయాయి. తొమ్మిదోదానిలో మూడు పంక్తులు ఎక్కువ. నీళ్లు రాని ఆజ్ఞను కూడా కొట్టెయ్యకు అని వాటి సారం.

కూర్మారావుకు ఈ కుర్చీలో ఇది మొదటి నెల. పోయిన నెల రిటైరైన సింహాచలం మాస్టారికి ఫోన్ చేశాడు. మాస్టారు దాచలేదు. నీళ్లివ్వని ఆజ్ఞ వృథా అని పనిముట్టు కత్తిరించేస్తుందనీ, తన అర్జీలు మూడింటినీ మూలం మూలన పడేసిందనీ, అందుకే పదకొండేళ్లుగా నెలనెలా ఆ పంక్తుల్ని చేత్తో గుచ్చుతూ వచ్చాననీ చెప్పాడు.

మబ్బు గొంతులోంచి ఉప్పు మడుల్లో పనిచేసే గున్నమ్మ పలికింది. రోజూ ఈ వేళకి ఆమె అడిగేది ఒకటే, తడపకుండా నిలబడమని. వాన పడితే ఉప్పు కరుగుతుంది, ఎండ కాస్తే మనుషులు కరుగుతారు. ఇవాళ ఇంకో మాట కూడా అడిగింది.

"బాబూ, మాస్టారు లీవెట్టిన నెల మబ్బు నిలబళ్ళేదు. ఎండకి మా తోటికోడలు మడిలోనే పడిపోనాది. మరి లెగలేదు. తవరూ లీవెడతారేటి?"

కూర్మారావు ఆ మూడు పంక్తుల్నీ మళ్లీ చదివాడు. కిటికీ అవతల మబ్బు దూదిపింజలా ఊపిరి తీస్తోంది.

పర్యవేక్షకురాలు వరహాలమ్మ గారు తెర చూసి, చెరిపేసి అర్జీ పెట్టమంది. మళ్లీ తనే, మాస్టారిలాగే గుట్టుగా గుచ్చేసినా తాను చూడలేదనుకుంటానంది.

"గుట్టుగా గుచ్చితే నేను లేని నెల మళ్లీ చెరిగిపోతుందండి," అన్నాడు కూర్మారావు. "వేరుకాపురం పెట్టేస్తాను."

తెర మూలన ఆ పేరుతో ఒక మీట ఎప్పట్నుంచో ఉంది. ఎవరూ నొక్కలేదు. నొక్కితే ఈ మూట మూలంతో తెగదెంపులు చేసుకుంటుంది. సంగతి, కారణంతో సహా, అన్ని మూటగదులకీ తెలిసిపోతుంది. కావాలంటే వాళ్లూ ఈ మూటనే తమ మబ్బులకు పరుచుకోవచ్చు.

"ఇక ప్రతి నెలా వాళ్లు మార్చిన ప్రతి పంక్తినీ నువ్వే చదివి కలుపుకోవాలి. తెలుసునా?" అంది వరహాలమ్మ గారు.

"తెలుసండి. నేను లేకపోతే ఇంకెవరైనా కలుపుతారు. రాసి ఉంటుంది కదా."

కారణం అన్న గడిలో 'నీడ' అని రాసి, కింద తన పేరు పెట్టి నొక్కాడు.

మబ్బు మెల్లగా లేచి తెల్లటి మడుల మీదికి వెళ్లి నిలబడింది. దాని కింద మనుషులు నీలంగా, చల్లగా, నీటి అడుగున నడుస్తున్నట్టు కదిలారు.

తెర మీది పటంలో రెండు జిల్లాల అవతల, ఇటుక బట్టీల మీద, ఇంకో మబ్బు ఆగింది. చినుకు లేదు. తర్వాత రాళ్ల క్వారీ మీద ఒకటి. వరహాలమ్మ గారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆగిన మబ్బుల్ని వేలు పెట్టి లెక్కపెట్టసాగింది. పన్నెండు దాటాక వేలు దించేసి, ఊరికే చూస్తూ ఉండిపోయింది.