నీడ కొట్టే పెనాల్టీ

ప్రసన్న పోయిందంటే చచ్చిపోయిందనే అనుకున్నాడు చెన్నకేశవులు. అతని తప్పేమీ లేదు. ఆ మాట చెప్పిన నాగూర్ వలి అట్లాగే చెప్పాడు.

మార్కాపురంలో చెన్నకేశవులుది సెల్‌ఫోన్ల రిపేరు దుకాణం. పాత సామాను కొని అమ్మే నాగూర్ వలి ఒకరోజు వచ్చి వీడియో గేమ్ పెట్టె ఒకటి బల్ల మీద పెట్టాడు.

"గిద్దలూరుది అల్లుడూ. లోపల ఫుట్‌బాల్ ఆట ఉంది. దీన్ని ఆడే పిల్ల ప్రసన్న పోయిందంట. వాళ్లమ్మ అమ్మేసింది."

"అయ్యో! ఎట్ల పోయింది మామా?"

"నేనడగలా. ఆమె ఏడస్తా ఉండె."

వైరు మార్చి, దుమ్ము దులిపి, పెట్టె నడుస్తోందో లేదో చూద్దామని ఆట పెట్టాడు. చూద్దామన్నది నెలరోజులు సాగింది.

ఆ ఆటలో అంతా నిజంలాగే ఉంటుంది. వాన పడితే బంతి బరువెక్కి బురదలో ఆగిపోతుంది. ఎనభయ్యో నిమిషానికి ఆటగాళ్లు రొప్పుతారు. అన్నీ నిజంలాగే ఉంటాయి గాని, మన మాట మాత్రం వినవు. కుడివైపు వాడికి బంతి ఇస్తే ఎడమవైపు వాడికి పోతుంది. మనవాడు గోల్ ముందు యర్రగొండపాలెం బస్సు కోసం నిలబడ్డట్టు నిలబడతాడు. కాలు అడ్డం పెట్టి పడేసినా రిఫరీకి ఎప్పుడో గాని కనపడదు.

ఇక గ్యాలరీలో జనం. వేలమంది ఉంటారు, ముఖాలు మాత్రం పదే. ఆకుపచ్చ చొక్కా మనిషి ఒకడే నూరు చోట్ల కూర్చుని, నూరు చోట్లా ఒక్కసారే తల తిప్పుతాడు. అది చూసినప్పుడల్లా చెన్నకేశవులుకి వీపు మీద చల్లగా ఏదో పాకినట్టుండేది.

అంతకంటే వింత ఇంకొకటి ఉంది. మనం ఆడే తీరంతా ఆ ఆట గమనించి నేర్చుకుంటుంది. ఎదుట ఆడే తోడు లేనప్పుడు అచ్చం మనలాగే ఆడుతుంది. దాన్ని నీడ అంటారు. మొదటిరోజు తెర మీద ఆ పేరు వచ్చింది: ప్రసన్న నీడ.

పోయిన మనిషి నీడ! దండం పెట్టి ఆపేద్దామనుకున్నాడు. కాని అప్పటికే అది అతని ఆటగాడి కాళ్ల సందులోంచి బంతి తోసుకుంటూ పోయి గోల్ కొట్టింది. కొట్టి ఊరుకోకుండా మైదానం మూలనుండే జెండా చుట్టూ రెండు చుట్లు తిరిగింది. వెక్కిరింపు!

"ఓసినీ!" అన్నాడు చెన్నకేశవులు. ఆ మాటతోనే పడిపోయాడు పాపం.

మిట్టమధ్యాహ్నం గిరాకీ ఉండదు. షట్టరు సగం దించి ఆడేవాడు. ఆడుతూ మాట్లాడేవాడు. "ఈరోజు కోపంగా ఉండావే," అనేవాడు. "నిన్న బాగా ఏడిపించినావులే," అనేవాడు. బదులుగా నీడ మళ్లీ కాళ్ల సందులోంచి బంతి తోసేది.

పెనాల్టీ వస్తే మాత్రం ఆ అల్లరి అంతా ఆగిపోయేది. బంతి ముందు ఆటగాడు కదలకుండా నిలబడేవాడు. ఒకటి, రెండు, మూడు... చెన్నకేశవులు పదిదాకా లెక్కపెట్టేవాడు. గోల్ కాసే తనవాడు ఉండబట్టలేక ఏదో ఒక పక్కకి దూకేవాడు. అప్పుడు మెల్లగా, నట్టనడుమకి వచ్చేది బంతి. ఆ పదిక్షణాలు ఆ పిల్ల ఇంకెవరో అయిపోయినట్టుండేది.

ఒకనాడు సద్ది తెచ్చిన తల్లి నాగలక్ష్మి షట్టరు కింద వంగి చూసింది.

"ఎవరితోరా మాట్లాడతా ఉండావు?"

దాచలేక చెప్పేశాడు. ఆమె గుండె మీద చెయ్యి వేసుకుంది.

"చచ్చినోళ్లతో ఆటలేందిరా నాయనా! పెళ్లి కావాల్సినోడివి. అమావాస్యలోగా చెరిపెయ్. లేకపోతే పెట్టె తీసకపోయి చెరువులో పారేస్తా." చెన్నకేశవస్వామి గుడి కుంకుమ అతని నుదుట పెట్టి, తెరకి కూడా ఒక బొట్టు పెట్టి పోయింది.

చెన్నకేశవులు ఆలోచనలో పడ్డాడు. ప్రాణం దేవుడి దగ్గరికి పోతుందంటారు. మరి అలవాటు ఎక్కడికి పోతుంది? దీన్ని ఇక్కడ కట్టిపెట్టి ఉంచడం పాపమా? చెరిపితే ఆ పిల్లని రెండోసారి చంపినట్టు కాదా? స్వామిని అడిగాడు. స్వామి ఎప్పటిలాగే చిరునవ్వుతో ఊరుకున్నాడు.

అమావాస్య వచ్చింది. నల్లమల వైపు నుంచి మబ్బు కమ్ముకొచ్చి మధ్యాహ్నమే చీకటైంది. తెర మీద ప్రశ్న వెలుగుతోంది: చెరిపేయాలా? బొటనవేలు కంట్రోలర్ మీట మీద పెట్టి కళ్లు మూసుకున్నాడు.

"నన్ను మన్నించు ప్రసన్నా."

"ఎందుకు?" అంది వెనక నుంచి ఒక గొంతు.

తిరిగి చూశాడు. సగం దించిన షట్టరు కింద నుంచి వానకి తడిసిన అమ్మాయి లోపలికి వచ్చి నిలబడింది.

"ఎ... ఎవరు?"

"ప్రసన్న. గిద్దలూరు."

కంట్రోలర్ చేతిలోంచి జారి నేల మీద పడింది. అదే క్షణంలో కరెంటు పోయింది.

చీకట్లో వాన చప్పుడు తప్ప ఏమీ లేదు. ఫోను లైటు వేసి అతను మొదట ఆమె పాదాలు చూశాడు.

"ఏంది, కాళ్లు చూస్తా ఉండారు?"

"ముందుకే తిరిగి ఉండాయా అని... మీరు పోయినారంట గదా?"

"పోయినాను. కర్నూలుకి. నర్సు ఉద్యోగం. పోయినోళ్లు తిరిగి రాకూడదా?"

చెన్నకేశవులు బల్ల పట్టుకుని కూర్చున్నాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆమె మాత్రం నవ్వలేదు. పెట్టె వైపే చూస్తోంది.

"మా అమ్మకి తెలియక అమ్మేసింది. నాగూర్ వలి గారిని పట్టుకొని అడ్రసు కనుక్కొని వచ్చినాను. లోపల నీడ ఉందా? చెరపలేదు గదా?"

"చెరపబోతుంటే మీరు వచ్చినారు. కంట్రోలర్ కింద పడింది. మీట నొక్కుకుందో లేదో తెలీదు."

ఆమె ముఖం పాలిపోయింది.

"మళ్లీ ఆడి నేర్పిస్తే రాదా? మీ నీడే గదా?" అన్నాడు అతను.

"సగమే నాది. పెనాల్టీలు మా నాయనవి. పెనాల్టీ వస్తే నా చేతిలోది లాక్కునేటోడు. ముప్పై ఏండ్లు రైలు గేటు కాసినాడు. బండి పూర్తిగా పోయిందాకా గేటు తీసేటోడు కాదు, ఎవరెంత తిట్టినా. 'తొందరపడినోడే పక్కకి దూకుతాడు పాపా' అనేటోడు." పెట్టె మీద చెయ్యి వేసింది. "పోయిన ఉగాదికి పోయినాడు. ఆయన నిజంగానే పోయినాడు."

చెన్నకేశవులు నుదుటి కుంకుమ తాకి చూసుకున్నాడు. ఇద్దరూ చీకట్లో, ఆసుపత్రి వరండాలో కూర్చున్నట్టు కూర్చున్నారు.

కరెంటు వచ్చింది. పెట్టె గురగురమంది. తెర తెల్లగా వెలిగి, ఆరి, మళ్లీ వెలిగింది.

ప్రసన్న నీడ.

ఆమె రెండు చేతులతో నోరు మూసుకుంది. "ఆడండి. చూస్తాను."

ఆడాడు. కాళ్ల సందులోంచి బంతి పోయింది. "నాదే! ఆ దెబ్బ నాదే!" అని ఆమె చిన్నపిల్లలా చప్పట్లు కొట్టింది. నెలరోజులు తనని ఏడిపించిన అల్లరి పక్కనే కూర్చుని నవ్వుతుంటే అతని వేళ్లు మీటలు మరిచిపోయాయి. అడ్డదిడ్డంగా కాలు పెట్టాడు. ఎప్పుడో గాని చూడని రిఫరీ ఈసారి చూశాడు.

పెనాల్టీ.

ఆటగాడు బంతి ముందు నిలబడ్డాడు. ఆమె పెదవులు కదిలాయి. ఎనిమిది, తొమ్మిది, పది. బంతి కదలలేదు. పదకొండు. పన్నెండు.

అప్పుడు దూరంగా రైలు కూసింది.

స్టేషన్ ఊరికి చాలా దూరం. దుకాణంలోకి రైలు కూత ఏనాడూ వినపడలేదు. ఆ రోజు వినపడింది. ఇద్దరూ విన్నారు. చక్రాల చప్పుడు మెల్లగా దగ్గరికొచ్చి, దాటి, వానలో కలిసిపోయిందాకా తెర మీద ఎవ్వరూ కదలలేదు. గ్యాలరీలో ఆకుపచ్చ చొక్కా మనిషి కూడా తల తిప్పలేదు.

చప్పుడు ఆగింది. నీడ కాలు లేపింది.

చెన్నకేశవులు గోల్ కాసే తనవాణ్ణి ఎడమ పక్కకి దూకించాడు. బంతి మెల్లగా నట్టనడుమకి వెళ్లి వలలో పడింది.

ఆమె కళ్లు తుడుచుకుంది. "నడుమకి కొడతాడని తెలుసు గదా. కావాలనే దూకినావు."

'మీరు' పోయి 'నువ్వు' వచ్చిన సంగతి అతను గమనించాడు.

"మామకి గోల్ ఇయ్యకపోతే ఎట్ల?"

ప్రసన్న చురుక్కున చూసింది. "మామనా? ఊళ్లో అందరినీ మామ అనేటట్టుండావే. నాగూర్ వలి గారు కూడా నీకు మామేనంట."

"ఆ మామకి ముగ్గురూ కొడుకులే," అన్నాడు చెన్నకేశవులు.