అర్థం కాని సమాధానం

మెట్ల మీద బాడీగార్డు శవం ఇంకా వెచ్చగానే ఉంది. బుల్లెట్ గొంతులోంచి దూసుకెళ్లి గోడలో దిగింది.

డేగ అనే ఏజెంట్ ఆ శవాన్ని దాటి, చెవిలోని వైర్‌లెస్‌లో గొణిగాడు. "మనవాడు పోయాడు చీఫ్."

"ముసలాయన?"

"పైన టైప్‌రైటర్ మోగుతోంది."

"విను. శత్రుదేశం నుంచి పారిపోయి వస్తున్న సైంటిస్టు ఇంకాసేపట్లో అక్కడుంటాడు. మిసైల్ రహస్యం ఆయన బుర్రలోనే ఉంది. లెక్కల పజిల్స్ రాసే ఈ ముసలాయన్ని తప్ప ఎవర్నీ నమ్మడు. ఏళ్లుగా ఉత్తరాలే, ముఖపరిచయం లేదు."

"పెద్ద లెక్కల పండితుడా?"

"మ్యాజిక్, చెస్, కాగితం బొమ్మలు, దొంగ బాబాల గుట్టు... అన్నిట్లో వేలు పెడతాడు. లెక్కల్లో మాత్రం మనలాంటివాడే. తనకి బోధపడేదాకా ప్రొఫెసర్ల ప్రాణం తోడేస్తాడు. అందుకే ఆయన రాస్తే నాక్కూడా అర్థమవుతుంది."

తలుపు తీసింది టైపిస్టు. డిపార్ట్‌మెంట్ పెట్టిన మనిషే. ఎర్ర సిల్కు గౌను, చెదరని లిప్‌స్టిక్.

"వానొస్తుందా?" కోడ్ అడిగాడు డేగ.

"గొడుగు అమ్మేశాను."

లోపల చెస్ బల్ల వెనక నెరిసిన గడ్డం.

"మాస్టారూ, కాగితం పట్టీని ఒక్క మెలిక తిప్పి అంటిస్తే దానికి ఒకే వైపుంటుందని రాశారు. అదెలాగండీ?" అడిగాడు డేగ.

"అది నాన్-ఓరియంటబుల్ సర్ఫేస్. బౌండరీ ఒకటే. ఆ మాత్రం తెలియడం లేదూ?"

డేగ బల్లని కాలితో ఎగదన్నాడు. బల్ల కింద పేలిన తూటా అతని భుజం చీల్చింది. ఎదుటివాడి పెట్టుడు గడ్డం ఊడిపడింది. వెనకనుంచి టైపిస్టు జడపిన్ను డేగ మణికట్టులో దిగింది. అతను తీసిన పిస్టల్ జారిపోయింది.

"గొడుగే కాదు, నిన్ను కూడా అమ్మేశాను," అందామె.

డేగ మోచేత్తో ఆమె దవడ పగలగొట్టాడు. ఆమె కూలింది.

బయట లిఫ్టు ఆగింది. గుమ్మంలో పెట్టెతో సైంటిస్టు. దొంగ రచయిత తుపాకీ అటు తిరిగింది.

డేగ వాచీలోంచి ఉక్కు తీగ లాగి వాడి మెడకు చుట్టి బిగించాడు. తూటా పైకప్పుకు తగిలింది. రెండోది పేలకముందే మెడ విరిగింది.

అసలు రచయిత బాత్‌రూమ్ తొట్టిలో, నెత్తురు ముద్దగా, కాళ్లూ చేతులూ కట్టేసి ఉండగా దొరికాడు.

"వాడు నేను కాదని ఎలా కనిపెట్టావు బాబూ?"

"వాడు చెప్పింది ఒక్క ముక్కా అర్థం కాలేదు సార్."

దొంగ రచయిత శవం ముఖం చూసి ముసలాయన నిట్టూర్చాడు. "నాకు ఇరవై ఏళ్లుగా లెక్కలు చెబుతున్న ప్రొఫెసర్ వీడే. ఇప్పుడు వచ్చే నెల వ్యాసం ఎవర్నడిగి రాయను?"