జవాబు రాని ఆరు వందల మంది

పక్కింటి టైలరమ్మ మేడమీదావిడతో అందట. మేడమీదావిడ పొద్దున్నే మెట్ల దగ్గర కింది వాటాలో ఉండే ఆయన చెవిన వేసింది. లైబ్రరీలో పనిచేసే కూతురికి తిక్క మళ్లీ తిరగబెట్టిందనీ, కౌన్సెలర్ దగ్గరికి వెళ్లడం మానేసిందనీ, తండ్రి గారాబమే అంత పని చేసిందనీ.

చిలవలూ పలవలూ తీసేస్తే మిగిలింది నిజమే. మానేసి రెండు నెలలైంది. భార్య పోయాక ఆ ఇంట్లో మాటలకు కరువొచ్చింది. ఒకరు తిని లేచాకే రెండోవారు కూర్చునేవారు.

ఆయన సర్వేల ఆఫీసులో లెక్కలు కట్టే మనిషి. ఆ వారం బల్లమీదికి వచ్చింది కౌన్సెలర్ల సర్వేనే. తమ దగ్గరికొచ్చినవాళ్లతో ఎప్పుడైనా హద్దు దాటారా అని వెయ్యిమంది కౌన్సెలర్లకు ఫారాలు పంపారు. నాలుగు వందలమంది నింపి పంపారు. దాటామన్నవాళ్లు పన్నెండుమంది. జవాబు రానివాటిని ‘లేదు’ కింద వేసుకోవడం ఆయనకు ముప్ఫై ఏళ్ల అలవాటు. అలా వేసుకున్నాక, కూతుర్ని భయం లేకుండా మళ్లీ పంపొచ్చని ఆయన గుండె తేలికపడింది.

ఆ కాగితం తెచ్చి, చీర ఇస్త్రీ చేసుకుంటున్న కూతురి ముందు పెట్టాడు.

“చూడమ్మా, వెయ్యికి పన్నెండుమందే. భయపడాల్సిందేం లేదు. సోమవారం నుంచి మళ్లీ వెళ్లు.”

ఆమె ఇస్త్రీపెట్టె ఆపి, కాగితం రెండుసార్లు చదివింది.

“ఈ ఆరు వందలమంది ఏమన్నారు?”

“ఏమీ అనలేదు.”

“తప్పు చేసినవాడు ఫారం నింపి పంపుతాడా నాన్నా?”

“బడి ఎగ్గొట్టినవాళ్లంతా దొంగలైతే ఊళ్లో దొరలు మిగలరే తల్లీ,” అని ఆయన నవ్వబోయాడు.

ఆమె నవ్వలేదు. చీర మడత పెడుతూ, వేరెవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది. ఒక వారం ఆ కౌన్సెలర్ కుర్చీ దగ్గరికి జరుపుకొని, ఇదీ వైద్యంలో భాగమే అంటూ మోకాలి మీద చెయ్యి వేశాడట. తరువాతి వారం తలుపు గడియ పెట్టాడట. తనే గడియ తీసుకొని, చెప్పులు అక్కడే వదిలేసి, వట్టి కాళ్లతో బస్సెక్కిందట.

ఆయన కాగితం దగ్గరికి లాక్కున్నాడు. పెన్సిలు తీసి ‘వెయ్యికి’ అన్నది కొట్టేసి ‘నాలుగు వందలకు’ అని రాశాడు. అదీ వాళ్లకు వాళ్లు చెప్పుకున్న మాటేనని తోచి, దాన్నీ కొట్టేశాడు. కళ్లనీళ్లకు కాగితం మసకబారింది.

“ఇన్నాళ్లూ నాకెందుకు చెప్పలేదమ్మా?”

“మళ్లీ ఎప్పుడు వెళ్తావనే అడిగావు నాన్నా. ఎందుకు మానేశావని ఒక్కసారీ అడగలేదు.”