కోసిన చోటల్లా ఒక గొంతు

ఆ ఫిల్మ్ స్కూల్లో మూడో ఎడిటింగ్ గదికి మంచి పేరు లేదు. అక్కడ కోసి పారేసిన మాటలు రాత్రిపూట తిరిగొస్తాయట! సినిమా నేర్చుకునే పిల్లలు కదా, గోరంత దొరికితే కొండంత చేస్తారులే అని నవ్వేయొచ్చు. అక్కడ చదివే ఒకమ్మాయికి జరిగింది విన్నాక మాత్రం నవ్వు రాదు.

తోటివాళ్లు ఆమెను కత్తెర అని పిలిచేవారు. కొత్తగా ఎడిటింగ్ నేర్చుకుంటూ, కంటబడిన ప్రతి విరామాన్నీ కసుక్కున కోసేసేది మరి. ఆమె తీసిన మొదటి సినిమా వాళ్ల తాత గురించి. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. మాట్లాడుతున్నంతసేపూ గాల్లో స్టీరింగ్ తిప్పుతూనే ఉంటాడు, చేతులు ఊరుకోవు.

షూటింగ్ అయిన నాలుగో రోజున ఆయనకు పక్షవాతం వచ్చింది. మాట పడిపోయింది. కాలూ చెయ్యీ కదలవు. వినికిడి మాత్రం ఉందనీ, రోజులు దగ్గర పడ్డాయనీ డాక్టరు చెప్పేశాడు. తెల్లారేసరికి సినిమా పూర్తిచేసి, ఆయన మాట ఆయనకే వినిపించాలని ఈ పిల్ల పట్టుదల.

అందుకే ఆ రాత్రి, మిగతా గదులు ఖాళీ లేక, మూడో గదిలో కూర్చుంది.

ఒంటిగంట దాటింది. ఏసీ హోరు తప్ప చప్పుడు లేదు. మొదట్నించీ ప్లే చేసింది... తాత రెండు మాటల మధ్య ఎవరో గొణిగారు.

ఆపింది. వెనక్కి జరిపి మళ్లీ విన్నది. ఉంది — చెవి పక్కనే, ఊపిరి కలిసిన గొంతు. ముందుకెళ్లింది. ఇంకో అతుకు దగ్గరా ఉంది. ఆ తర్వాతి అతుకు... అక్కడా ఉంది. తను ఎక్కడెక్కడ కోసిందో, సరిగ్గా అక్కడే!

తాత మాటల ట్రాక్‌ను పూర్తిగా మూసేసింది. తెరమీద తాత పెదవులు మూగగా ఆడుతున్నాయి. గొణుగుడు మాత్రం ఆగలేదు.

వాల్యూమ్ పెంచింది.

"ఇక కదలొచ్చా తల్లీ?"

తాత గొంతే! కానీ ఇంటర్వ్యూ మొత్తంలో ఆయన ఆ మాట అనలేదు. ఒక్కో ముక్కా ఆమెకు కంఠతా వచ్చు. తాత పోయాడు... పోతూ పోతూ ఇక్కడికొచ్చాడు... అనుకుంది. ఆస్పత్రిలో తాత దగ్గరున్న తల్లికి ఫోన్ చేసింది.

"అమ్మా... తాత?"

"ఉన్నారే," తల్లి గుసగుసగా అంది. "అలాగే ఉన్నారు. ఏమైంది?"

ఏమీ లేదని పెట్టేసింది. బతికున్న మనిషి గొంతు ఇక్కడెందుకుంది? తెరమీద ఇంకా మోగుతున్న ఒకే ఒక ట్రాక్‌ను చూసింది. అది నిశ్శబ్దం.

అవును, నిశ్శబ్దమే. ప్రతి గదికీ దాని నిశ్శబ్దం వేరే ఉంటుందనీ, షూటింగ్ అయ్యాక అందర్నీ కదలకుండా కూర్చోబెట్టి ఓ నిమిషం దాన్ని రికార్డు చేసుకోవాలనీ, అతుకుల కింద అది పరిస్తే కోత తెలియదనీ మాస్టారు నేర్పారు. కత్తెర అలాగే చేసింది. ఆ నిమిషంలోంచి ఐదు సెకన్ల ముక్క తీసి, తీరిగ్గా వినే ఓపిక లేక, ప్రతి అతుకు కిందా అదే అతికించేసింది.

దెయ్యమూ లేదు, భూతమూ లేదు. కుదురుగా కూర్చోలేని ముసలాయన మధ్యలో మెల్లిగా అడిగిన మాట అది.

కళ్లు తుడుచుకుంటూ నవ్వింది కూడా. ఆ ముక్క తర్వాత ఏముందో చూద్దామని అసలు రికార్డింగు తెరిచింది. తాత అడిగాడు. ఆ వెంటనే తన గొంతు, విసుగ్గా —

"అబ్బా, తాతా! నేను చెప్పేదాకా కదలకు!"

ఆ తర్వాత నిశ్శబ్దం. చివరిదాకా విన్నది. మళ్లీ మొదట్నించీ విన్నది. ఇక కదలొచ్చని తను చెప్పిన మాట అందులో ఎక్కడా లేదు.

మళ్లీ ఫోన్ చేసింది. "అమ్మా, ఫోన్ తాత చెవి దగ్గర పెట్టు."

అవతల దుప్పటి జరిగిన చప్పుడు.

"తాతా... అయిపోయింది. ఇక కదలొచ్చు తాతా."

తల్లి మళ్లీ లైన్లోకొచ్చింది.

"కదిలాడా అమ్మా?"

"లేదే తల్లీ..."

ఇంకోసారి పెట్టమని బతిమాలింది.